గ్రాండిడియరైట్: మామూలు మూలకాలతో పుట్టిన అరుదైన ఖనిజం

రత్నాల వ్యాపారుల ప్రకటనల్లో గ్రాండిడియరైట్ అనే పేరు వచ్చిన ప్రతిచోటా దాని పక్కన ఒక బిరుదు కనబడుతుంది: "ప్రపంచంలోకెల్లా అరుదైన రత్నాల్లో మూడోది". మొదటిదేమిటి, రెండోదేమిటి, ఆ లెక్క ఎవరు కట్టారు అని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో జవాబు చెబుతారు. ఖనిజాలను అరుదుతనాన్ని బట్టి వరుసగా నిలబెట్టే అధికారిక పట్టిక ఏదీ లేదు కాబట్టి ఆ బిరుదును అంతవరకే తీసుకోవాలి. అయినా అది ఊరికే పుట్టిన మాట కాదు. అందులో రెండు వేర్వేరు సంగతులు కలగలిసి ఉన్నాయి. ఒకటి, ఈ ఖనిజం భూమిలో తయారు కావడానికి కావలసిన పరిస్థితులు అరుదుగా కూడిరావడం. రెండు, తయారైన కాస్తలోనూ వెలుతురు ఆరపార వెళ్లేంత తేటగా ఉన్న స్ఫటికం దొరకడం మరీ అరుదు కావడం. మొదటిది భూగర్భ రసాయనానికి సంబంధించిన ప్రశ్న, రెండోది ఎక్కువగా అదృష్టానికి సంబంధించినది. ఈ వ్యాసం చాలావరకు మొదటి ప్రశ్న చుట్టూ తిరుగుతుంది, ఎందుకంటే ఆసక్తికరమైన చిక్కుముడి అక్కడే ఉంది.

ముందుగా పేరు సంగతి. మడగాస్కర్ దక్షిణ తీరంలో, ఇప్పుడు తోలానారో అని పిలిచే ఊరికి పడమరగా, ఆంద్రాహోమానా అనే చోట సముద్రం మీదికి దిగే కొండచరియలు ఉన్నాయి. అక్కడి రాళ్లలో నీలి ఆకుపచ్చ రంగులో ఉన్న కొత్త ఖనిజాన్ని ఫ్రెంచ్ శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ లాక్రువా 1902లో వర్ణించాడు. పారిస్‌లోని ప్రకృతి చరిత్ర మ్యూజియంలో ఖనిజశాస్త్ర ఆచార్యుడైన లాక్రువాకు అది తీరిక లేని ఏడాది. మార్టినిక్ దీవిలో పెలే అగ్నిపర్వతం బద్దలై సెయింట్ పియెర్ నగరాన్ని బూడిద చేసిందీ, ఆయన దాన్ని పరిశీలించడానికి ఓడెక్కిందీ ఆ సంవత్సరమే. ఖనిజానికి ఆయన పెట్టిన పేరు ఆల్ఫ్రెడ్ గ్రాండిడియేది. 1836లో పుట్టి 1921లో మరణించిన ఈ యాత్రికుడు టిబెట్ పీఠభూమి చూడాలన్న కోరికతో 1863లో మన దేశానికి వచ్చాడు. జ్వరం పట్టుకోవడంతో ఆ ప్రయత్నం మానుకున్నాడు. తరవాత ఆయన దృష్టి మడగాస్కర్ మీదికి మళ్లింది, జీవితమంతా దానికే అంకితమైంది. ఆ దీవిలోని బ్రహ్మాండమైన బావోబాబ్ చెట్ల జాతి ఒకదానికీ ఆయన పేరే ఉంది.

ఇక ఖనిజం కూర్పు. శుద్ధ రూపంలో గ్రాండిడియరైట్ ఒక్కో అణుకూటమిలో మెగ్నీషియం ఒకటి, అల్యూమినియం మూడు, బోరాన్ ఒకటి, సిలికాన్ ఒకటి, ఆక్సిజన్ తొమ్మిది పరమాణువులుంటాయి. బరువు లెక్కన చూస్తే అందులో సగానికి పైగా, అంటే సుమారు 53 శాతం, అల్యూమినియం ఆక్సైడ్. 21 శాతం సిలికా. 14 శాతం మెగ్నీషియం ఆక్సైడ్. మిగిలిన 12 శాతం బోరాన్ ఆక్సైడ్. ఈ చివరి 12 శాతాన్ని గుర్తుపెట్టుకోవాలి, దానితో మళ్లీ పని పడుతుంది. ప్రకృతిలో దొరికే నమూనాల్లో మెగ్నీషియం స్థానంలో కొంత ఇనుము చేరుతుంది. ఈ జాబితాలో అల్యూమినియం, సిలికాన్, ఆక్సిజన్, మెగ్నీషియం, ఇనుము ఏ వీధిలో రాయి తీసి చూసినా ఉండేవే. పెద్దపెద్ద పేర్లున్న అరుదైన మూలకం ఒక్కటీ లేదు. కాస్త తక్కువగా దొరికేది బోరాన్ ఒక్కటే, అదీ మనం ఎరగనిదేమీ కాదు. కంసాలి బంగారం అతికేటప్పుడు వాడే వెలిగారంలోనూ, క్యారమ్ బోర్డు మీద చల్లే బోరిక్ పౌడరులోనూ, పొయ్యి మీద పెట్టినా పగలని ప్రయోగశాల గాజు బీకరులోనూ ఉండేది ఆ బోరానే.

బీకరు ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక చిన్న పొరపాటును ముందే తొలగించుకుందాం. బోరోసిలికేట్ అనగానే మనకు గాజు గుర్తుకొస్తుంది. గాజులో బోరాన్, సిలికాన్ ఆక్సిజన్‌తో ముడిపడి ఉన్నా వాటికి ఒక క్రమం ఉండదు, జాతరలో జనంలాగా ఎవరికి తోచిన చోట వాళ్లుంటారు. ఖనిజంలో అలా కుదరదు. ప్రతి పరమాణువుకూ నియమిత స్థానం ఉంటుంది, ఆ అమరిక స్ఫటికం ఈ చివరి నుంచి ఆ చివరి దాకా తప్పకుండా పునరావృతమవుతుంది. బోరోసిలికేట్ ఖనిజాలు చాలానే ఉన్నాయి. టూర్మలిన్, డేటొలైట్, ఆక్సినైట్, డ్యూమోర్టియరైట్, డాన్‌బురైట్, కోర్నెరుపైన్ వాటిలో కొన్ని. ఇందులో టూర్మలిన్‌ది పెద్ద కుటుంబం. నెల్లూరు జిల్లా గూడూరు ప్రాంతపు అభ్రకం గనుల పెగ్మటైట్ శిలల్లో (శిలాద్రవం చల్లారి పెద్దపెద్ద స్ఫటికాలుగా గడ్డకట్టిన రాళ్లలో) నల్లటి కడ్డీల్లాగా కనబడేది అదే. గ్రాండిడియరైట్ ఎందుకు అరుదో తెలియాలంటే టూర్మలిన్ ఎందుకు అంత మామూలో తెలియాలి. ఆ రెంటికీ బోరాన్ విషయంలో ఒక రకమైన దాయాదుల తగాదా ఉంది.

దానికి ముందు స్ఫటిక నిర్మాణాన్ని ఒకసారి చూడాలి, ఎందుకంటే ఈ ఖనిజపు రంగుకూ సాంద్రతకూ మూలం అక్కడుంది. 1968లో స్టీఫెన్‌సన్, మూర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఎక్స్ కిరణాలతో దీని నిర్మాణాన్ని వివరంగా తేల్చారు. మూడు అల్యూమినియం పరమాణువుల్లో రెండు, ఒక్కొక్కటి ఆరు ఆక్సిజన్ల నడుమ కూర్చుని, అష్టముఖులుగా ఒకదాని అంచు ఒకటి పంచుకుంటూ గొలుసుల్లా సాగుతాయి. ఆ గొలుసులను పక్కకు కలిపి ఉంచేవి నాలుగు ఆక్సిజన్లున్న సిలికాన్ చతుర్ముఖులు, మూడు ఆక్సిజన్లతో చదునుగా ఉండే బోరాన్ త్రిభుజాలు. ఇంతవరకు విశేషం లేదు. విశేషమంతా మిగిలిన అల్యూమినియంలోనూ మెగ్నీషియంలోనూ ఉంది. ఇవి అయిదేసి ఆక్సిజన్ల మధ్య ఉంటాయి. మూడు పక్కలున్న రెండు గోపురాలను అడుగుకు అడుగు చేర్చి అతికిస్తే ఎలాంటి ఆకారం వస్తుందో అలాంటి గూటిలో కూర్చుంటాయి. అల్యూమినియం అయిదు ఆక్సిజన్లతో సర్దుకోవడం అండలూసైట్ అనే ఖనిజంలోనూ ఉంది కానీ, మెగ్నీషియం, ఇనుము సాధారణంగా ఆరింటిని కోరుకుంటాయి; అయిదుతో ఊరుకోవడం ఖనిజ లోకంలో తరచుగా జరగదు.

ఈ అయిదు ఆక్సిజన్ల గూటిలోకి మెగ్నీషియానికి బదులు ఇనుము చేరినప్పుడే రంగు పుడుతుంది. ఇనుము అసలే లేని శుద్ధ గ్రాండిడియరైట్‌కు రంగుండదు. ఇనుము కొద్దిగా చేరితే లేత నీలి ఆకుపచ్చ, ఇంకా చేరితే ముదురు నీలి ఆకుపచ్చ వస్తుంది. మెగ్నీషియం కంటే ఇనుమే ఎక్కువైతే? అప్పుడు దాన్ని గ్రాండిడియరైట్ అనకూడదు. జపాన్‌లోని కీ ద్వీపకల్పంలో ఒమినే పర్వతాల గ్రానైట్ శిలలో అలాంటి ఇనుప రూపం దొరికింది; 2002లో దానికి ఒమినెలైట్ అని వేరే పేరు పెట్టారు. రెండూ ఒకే నిర్మాణంలో ఇనుము, మెగ్నీషియం పాళ్ల తేడాతో అటూ ఇటూ నిలబడే అన్నదమ్ములు.

ఈ ఖనిజాన్ని గుర్తుపట్టే తీరు చూడదగ్గది. రాతిని బిళ్లగా కోసి, గాజు పలక మీద అతికించి, మిల్లీమీటరులో నూరింట మూడు వంతుల మందానికి, అంటే 0.03 మిల్లీమీటర్లకు అరగదీసి, ధ్రువణ సూక్ష్మదర్శిని (ఒకే దిశలో కంపించే వెలుతురును వాడేది) కింద పెడతారు. ఆ మందంలో చాలా ఖనిజాలు రంగు కోల్పోయి నీళ్లలా కనబడతాయి. గ్రాండిడియరైట్ గింజ మాత్రం నీలి ఆకుపచ్చగా నిలబడుతుంది. ఇప్పుడు గుండ్రటి వేదికను మెల్లగా తిప్పాలి. గింజ అదే, దానిమీద పడే వెలుతురూ మారదు, అయినా రంగు వెలవెలబోతూ వచ్చి, తొంభై డిగ్రీలు తిరిగేసరికి పూర్తిగా మాయమవుతుంది. ఇంకో తొంభై తిప్పితే మళ్లీ వస్తుంది. స్ఫటికంలో ఒక దిశలో కంపించే వెలుతురును అది మింగేస్తుంది, ఇంకో దిశలో కంపించేదాన్ని తాకకుండా వదిలేస్తుంది. దీన్నే బహువర్ణత అంటారు. ఎన్నో ఖనిజాలకు ఈ గుణం ఉన్నా, ఒక దిశలో నీలి ఆకుపచ్చ, ఇంకో దిశలో రంగే లేకపోవడం, మూడో దిశలో పచ్చదనం ఇంత స్పష్టంగా కనబడేవి కొద్దే. రత్నంగా సానబట్టేవాడికి ఇదే గుణం తలనొప్పి కూడా. రాతిని ఏ వైపు నుంచి కోస్తే పైముఖం మీద నీలం నిలుస్తుందో ముందే నిర్ణయించుకోకపోతే, ఖరీదైన రాయి రంగు చెదిరిన గాజుముక్కలా తేలుతుంది.

మిగతా గుణాలు క్లుప్తంగా. కాఠిన్యం మోహ్స్ కొలమానంలో 7.5, అంటే పలుగురాయి కంటే ఎక్కువ, పుష్యరాగం కంటే తక్కువ. సాంద్రత నీటికి సుమారు 3 రెట్లు. వెలుతురు ఎంతగా వంగుతుందో చెప్పే వక్రీభవన గుణకాలు సుమారు 1.58 నుంచి 1.64 మధ్య ఉంటాయి. వాటి మధ్య తేడా 0.04 దగ్గరికి వస్తుంది, పలుగురాయిలో ఇది 0.009 మాత్రమే. అందువల్ల సానబట్టిన గ్రాండిడియరైట్‌లోకి భూతద్దంతో చూస్తే వెనకవైపు అంచులు రెండేసి గీతలుగా కనబడతాయి. ఒక తలం వెంట చక్కగా చీలే స్వభావం కూడా ఉంది కాబట్టి గట్టిదే కదా అని ఉంగరంలో మొరటుగా వాడితే దెబ్బ తింటుంది.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. బోరాన్ కథ భూమి మీద మొదలుకాదు. కార్బన్, ఆక్సిజన్, ఇనుములాగా అది నక్షత్రాల గర్భంలో వండింది కాదు. అక్కడి వేడికి బోరాన్ నిలవదు, నాశనమైపోతుంది. అంతరిక్షంలో దూసుకుపోయే విశ్వకిరణాలు కార్బన్, ఆక్సిజన్ కేంద్రకాలకు తగిలి వాటిని ముక్కలు చేసినప్పుడు రాలిన తునకల్లో ఎక్కువ బోరాన్ పుట్టింది. అందుకే విశ్వంలో దాని మొత్తం మొదటి నుంచీ తక్కువ. అయితే భూమి దాన్ని ఉన్నంతలో పైకి చేర్చుకుంది. భూమి లోపలి మాంటిల్‌లో బోరాన్ పది లక్షల భాగాల్లో ఒక భాగం కూడా లేదు. పైన ఉన్న ఖండాల పొరలో సగటున పది భాగాల పైచిలుకు ఉంది. సముద్ర జలంలో లీటరుకు నాలుగున్నర మిల్లీగ్రాముల దాకా కరిగి ఉంది. సముద్రపు అడుగున పేరుకునే బంకమట్టి రేణువులు ఆ నీటి నుంచి బోరాన్‌ను పీల్చుకుంటాయి, అందుచేత సముద్రపు బురద గట్టిపడి ఏర్పడిన షేల్ శిలల్లో అది పది లక్షల్లో నూరు భాగాల దాకా పెరుగుతుంది.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేసి చూడవచ్చు. గ్రాండిడియరైట్ బరువులో బోరాన్ మూలకం వాటా 3.75 శాతం. నూరు భాగాల బోరాన్ ఉన్న షేల్ శిల ఒక టన్ను తీసుకుని, అందులోని బోరాన్ అంతా ఒక్క అణువూ పోకుండా గ్రాండిడియరైట్‌గా మారిందనుకుంటే, దాదాపు 2.7 కిలోల ఖనిజం రావాలి. టన్నుకు రెండున్నర కిలోలు అంటే తక్కువేమీ కాదు. మూలకాల లభ్యత ఒక్కటే లెక్క అయితే ఈ ఖనిజం ప్రతి రూపాంతర శిలలోనూ కళ్లబడాలి. కళ్లబడటం లేదంటే మధ్యలో బోరాన్ ఎక్కడికో పోతోందన్నమాట. అరుదుతనానికి కారణం సరుకు లేకపోవడం కాదు, అవసరమైన వేళకు సరుకు అక్కడ ఉండకపోవడం.

ఎక్కడికి పోతోందో చూడాలంటే ఆ బురద శిల వెంటే లోపలికి దిగాలి. పర్వతాలు పుట్టేటప్పుడు అది పది, ఇరవై కిలోమీటర్ల లోతుకు కూరుకుపోయి వేడెక్కుతుంది. బంకమట్టి మొదట అభ్రకంగా మారుతుంది. బోరాన్ కొంత అభ్రకంలో ఒదుగుతుంది, కొంత వేడినీటి ఆవిర్లతో పాటు రాతి పగుళ్ల వెంట పైకి జారుకుంటుంది. మిగిలినదాన్ని టూర్మలిన్ పట్టుకుంటుంది. టూర్మలిన్‌కు కావలసినవన్నీ ఆ దశలో అక్కడ ఉన్నాయి: సోడియం ఉంది, అల్యూమినియం ఉంది, ఇనుము, మెగ్నీషియం ఉన్నాయి, అన్నిటికీ మించి నీరుంది. టూర్మలిన్ నిర్మాణంలో హైడ్రాక్సిల్ రూపంలో నీటి అంశం తప్పనిసరి భాగం. వేసవి ఎండ నుంచి సుమారు ఏడెనిమిది వందల డిగ్రీల సెల్సియస్ దాకా ఎలాంటి పరిస్థితినైనా తట్టుకోగల ఖనిజం అది. బోరాన్‌కు సంబంధించినంతవరకు అది బ్యాంకు లాకరు లాంటిది. ఒకసారి లోపల పడితే అంత తేలిగ్గా బయటికి రాదు.

ఆ వేడి దాటితే శిలే కరగడం మొదలుపెడుతుంది, టూర్మలిన్ కూడా విచ్ఛిన్నమవుతుంది. బోరాన్ విడుదలవుతుంది. ఇప్పుడైనా గ్రాండిడియరైట్ పుట్టవచ్చు కదా అంటే, సరిగ్గా ఇక్కడే వెలిగారం గుణం అడ్డం వస్తుంది. కంసాలి అతుకు దగ్గర వెలిగారం ఎందుకు పెడతాడు? అది తాను త్వరగా కరిగి, లోహం మీది మకిలిని తనలోకి లాక్కుని, అతుకును సులువుగా పారేలా చేస్తుంది. రాళ్ల లోకంలోనూ బోరాన్ చేసే పని ఇలాంటిదే. గ్రానైట్ ద్రవంలో బోరాన్ చేరితే అది ఇంకా తక్కువ వేడికే కరుగుతుంది, చిక్కదనం తగ్గి చురుగ్గా పారుతుంది. అంటే బోరాన్ ఘన ఖనిజంలో కూర్చోవడం కంటే కరిగిన ద్రవంలో కలిసిపోవడానికే మొగ్గు చూపుతుంది. ఆ ద్రవం తేలిక కాబట్టి పైకి ఎగబాకుతుంది, బోరాన్‌నూ వెంట తీసుకుపోతుంది. ఎక్కడో పైన చల్లారి పెగ్మటైట్‌గా గడ్డకట్టినప్పుడు, అక్కడ నీరు సమృద్ధిగా ఉంటుంది కాబట్టి, మళ్లీ టూర్మలినే పుడుతుంది. అడుగున మిగిలిన గ్రానులైట్ అనే పొడిబారిన శిలలు బోరాన్ విషయంలో ఖాళీ సంచులు. ఆ శిలల్లో బోరాన్ కొలిచి చూస్తే పది లక్షల్లో కొద్దిపాటి భాగాలే కనబడటం మామూలు.

కాబట్టి గ్రాండిడియరైట్ పుట్టాలంటే ఈ కథ మధ్యలో ఎక్కడో గతి తప్పాలి. టూర్మలిన్ నిలవలేనంత వేడి ఉండాలి, అదే సమయంలో టూర్మలిన్‌ను తిరిగి కట్టగలిగేంత నీరు ఉండకూడదు. గ్రాండిడియరైట్‌లో హైడ్రాక్సిల్ లేదు, సోడియం లేదు. పొడిబారిన వేడి శిలలో అది టూర్మలిన్ స్థానాన్ని ఆక్రమించగలగడానికి కారణమదే. కరిగిన ద్రవం పూర్తిగా పారిపోకముందే చర్య జరగాలి, లేదా ఆ ద్రవమే నీరు తక్కువగా, అల్యూమినియం ఎక్కువగా ఉండి తనలోంచే ఈ ఖనిజాన్ని గడ్డకట్టించాలి. అన్నీ కుదిరి పుట్టిన తరవాత కూడా గండం తీరదు. శిల చల్లారుతున్నప్పుడు నీటి ఆవిరి మళ్లీ చేరితే గ్రాండిడియరైట్ అంచుల నుంచి టూర్మలిన్‌గా మారిపోతుంది. సూక్ష్మదర్శినిలో చుట్టూ టూర్మలిన్ అంచు కట్టిన గ్రాండిడియరైట్ గింజ కనబడితే, అది సగం తిరిగి స్వాధీనమైన ఆస్తిని చూస్తున్నట్టే.

వేడి, నీరు ఇంతవరకు చెప్పుకున్నవి. పీడనం కూడా ఒక షరతు పెడుతుంది. గ్రాండిడియరైట్ సాంద్రత 3 దగ్గరే ఉంటుంది, అయిదు ఆక్సిజన్ల వదులు గూళ్లున్న నిర్మాణం కావడం ఇందుకు తోడ్పడుతుంది. పీడనం పెరిగేకొద్దీ పరమాణువులు ఇంకా దగ్గరగా సర్దుకునే ఖనిజాలకు అనుకూలం. దాదాపు ఇవే మూలకాలతో ఏర్పడే కోర్నెరుపైన్ సాంద్రత 3.3 దాకా ఉంటుంది, అందుకని లోతు పెరిగితే బోరాన్ వాటా దానికి దక్కుతుంది. కాబట్టి ఈ ఖనిజానికి అచ్చివచ్చే చోటు వేడి ఎక్కువ, లోతు తక్కువ ఉన్నది. భూమిలో మామూలుగా లోతుతో పాటే వేడి పెరుగుతుంది. లోతు లేకుండా వేడి కావాలంటే కింద నుంచి శిలాద్రవం పైకి చొచ్చుకువచ్చి చుట్టుపక్కల రాళ్లను కాల్చాలి.

దొరికిన చోట్లను చూస్తే ఈ మాట నిజమని తెలుస్తుంది. ఇటలీలో టస్కనీ ప్రాంతపు అమియాటా అగ్నిపర్వతం లావాలో చిక్కుకుని కాలిపోయిన బురద శిలల ముక్కల్లో ఇది ఉంది. ఆ ముక్కలు కుండలు కాల్చే బట్టీలోకి జారిపడ్డ పచ్చి పెంకుల్లాంటివి. కొద్ది కాలంలోనే తీవ్రమైన వేడి చూసి, అంతలోనే పైకి కొట్టుకొచ్చి చల్లారాయి. అమెరికాలో వ్యోమింగ్ రాష్ట్రపు లారమీ అనార్థొసైట్ అనే, శిలాద్రవం గడ్డకట్టిన పెద్ద రాతి ముద్ద అంచున కాలిన శిలల్లోనూ, నార్వే నైరుతిలో రోగలాండ్ ప్రాంతపు పెగ్మటైట్‌లోనూ ఇలాంటి కథే. దక్షిణ మడగాస్కర్ సంగతి కొంచెం వేరు. అక్కడ 55 కోట్ల సంవత్సరాల క్రితం గోండ్వానా అనే ప్రాచీన మహాఖండపు ముక్కలు ఒకదానికొకటి గుద్దుకుని అతుక్కున్నప్పుడు, పెద్ద ప్రాంతమంతా ఒక్కసారిగా విపరీతమైన వేడికి లోనైంది. ఆంద్రాహోమానాతో పాటు ఇంకా చాలా చోట్ల అక్కడ ఈ ఖనిజం నమోదు కావడానికి ఆ చరిత్రే కారణం.

గోండ్వానా పేరు వచ్చాక మన వైపు చూడక తప్పదు. అంటార్కిటికాలో ప్రిడ్జ్ అఖాతం ఒడ్డున లార్స్‌మన్ కొండలు బోరాన్ ఖనిజాలకు ప్రపంచంలోనే పేరుపడ్డ చోటు. గ్రాండిడియరైట్, కోర్నెరుపైన్ వర్గపు ప్రిస్మటైన్, 1998లో కొత్తగా వర్ణించిన బోరాల్‌సిలైట్ అక్కడి నైస్ శిలల్లోనూ పెగ్మటైట్లలోనూ ఉన్నాయి. భారతదేశపు మూడో అంటార్కిటిక్ పరిశోధనా కేంద్రం 'భారతి' 2012 నుంచి నడుస్తున్నది ఆ కొండల మీదే. ఒకప్పుడు తూర్పు అంటార్కిటికా తీరం మన తూర్పు తీరానికి ఆనుకుని ఉండేది, అందుచేత తూర్పు కనుమల శిలలకూ అక్కడి శిలలకూ పోలికలు వెతకడం భూగర్భ శాస్త్రజ్ఞులకు పాత అలవాటు.

తూర్పు కనుమల్లో ఖోండలైట్ అనే శిల ఉంది. సింహాచలం కొండ, విశాఖ చుట్టూ ఉన్న కొండలు చాలావరకు అదే. వానకు నాని, ఎండకు మాగి, ఎర్రమట్టి రంగులో పొడిపొడిగా రాలే రాయి. కలహండి ప్రాంతపు కోందు జనం పేరు మీదుగా భూగర్భ శాస్త్రజ్ఞుడు టి. ఎల్. వాకర్ దానికి ఆ పేరు ఖాయం చేసింది కూడా 1902లోనే, అంటే లాక్రువా మడగాస్కర్ ఖనిజానికి నామకరణం చేసిన ఏడే. సిల్లిమనైట్, గార్నెట్, గ్రాఫైట్ నిండిన ఈ శిల ఒకనాటి బురదే. అంటే ఇంతకుముందు చెప్పుకున్న బోరాన్ ప్రయాణం ఇక్కడా జరిగింది, బోరాన్‌లో అత్యధిక భాగం ఇక్కడ నుంచీ వెళ్లిపోయింది. వాటి నడుమ అక్కడక్కడ మెగ్నీషియం, అల్యూమినియం మిక్కుటంగా ఉండి, సిలికా తక్కువైన కొద్దిపాటి రాళ్లున్నాయి. వాటిలో సఫిరిన్ అనే నీలి ఖనిజం ఉందని అప్పటి విశాఖపట్నం జిల్లా నుంచి మిడిల్‌మిస్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు 1904లో రాశాడు. అలాంటి ఉత్తరాంధ్ర సఫిరిన్ శిలలోనే గ్రాండిడియరైట్ ఉందని అమెరికా శాస్త్రవేత్త ఎడ్వర్డ్ గ్రూ 1983లో ప్రకటించాడు. ఉంగరంలో పొదిగే రాయి కాదది. సూక్ష్మదర్శినిలో చూడవలసిన గింజలు. విశాఖ మన్యంలో రత్నాల వేటగాళ్లు దీనికోసం తవ్వితే నిరాశే మిగులుతుందని చెప్పడం మంచిది.

రత్నం సంగతికి వస్తే, దాదాపు ఒక శతాబ్దం పాటు గ్రాండిడియరైట్ అంటే మసకగా ఉండే రాయే. ఆంద్రాహోమానా నుంచి వచ్చిన వాటిని నునుపు చేసి గుండ్రటి బిళ్లలుగా అమ్మేవారు, అంతే. ముఖాలు తీర్చగలిగినంత తేట రాయి మొదటిది శ్రీలంకలోని కొలొన్నె ప్రాంతంలో 2000లో దొరికింది, బరువు 0.29 క్యారెట్, అంటే రెండు మూడు బియ్యపు గింజల బరువు మాత్రమే. మొదట దాన్ని ఇంకో అరుదైన బోరాన్ ఖనిజం సెరెండిబైట్ అనుకున్నారు. ప్రయోగశాల పరీక్షల తరవాతే సంగతి తెలిసి, 2003లో శాస్త్ర పత్రికకు ఎక్కింది. ఆ తరవాత 2014లో దక్షిణ మడగాస్కర్‌లోని త్రానోమారో దగ్గర తేటగా ఉన్న రాళ్లు బయటపడ్డాయి. అవి మార్కెట్టుకు వచ్చాకే 'మూడో అరుదైన రత్నం' కథలు ఊపందుకున్నాయి. నా ఉద్దేశంలో ఆ కథల్లోని వింత ఏమిటంటే, రాయి దొరకడం మొదలయ్యాకే దాని అరుదుతనం గురించి ఎక్కువగా మాట్లాడుకుంటున్నారు. నిజంగా దొరకని రోజుల్లో దాని పేరు ఖనిజశాస్త్రం చదివినవాళ్లకు తప్ప తెలియదు. కొనేవాళ్లు గమనించవలసింది వేరే ఉంది: అపటైట్, టూర్మలిన్, రంగు కలిపిన గాజు కూడా చూపుకు ఇలాగే ఉండగలవు. వక్రీభవన గుణకం, బహువర్ణత కొలిచి, అవసరమైతే రామన్ వర్ణపటం (లేజరు వెలుతురు రాయి మీద చెదిరే తీరును బట్టి ఖనిజాన్ని గుర్తించే పరీక్ష) తీసి చెప్పగల ప్రయోగశాల ధ్రువపత్రం లేకుండా రంగును మాత్రమే చూసి డబ్బు పెట్టకూడదు.

చివరగా, మొదట్లో గుర్తుపెట్టుకోమన్న 12 శాతం సంగతి. రాతి గింజల కూర్పు తెలుసుకోవడానికి గత అరవై ఏళ్లుగా ఎక్కువగా వాడుతున్న సాధనం ఎలక్ట్రాన్ మైక్రోప్రోబ్. సన్నటి ఎలక్ట్రాన్ పుంజాన్ని గింజ మీద పడేసి, వెలువడే ఎక్స్ కిరణాలను బట్టి ఏ మూలకం ఎంతుందో చెబుతుంది. ఇనుము, అల్యూమినియం, సిలికాన్‌లను అది అలవోకగా కొలుస్తుంది కానీ, బోరాన్ మరీ తేలిక మూలకం. దాని ఎక్స్ కిరణాలు బలహీనంగా ఉండి, బయటికి రాకముందే గింజలోనే ఇంకిపోతాయి. ప్రత్యేకంగా ఏర్పాటు చేస్తే తప్ప సాధారణ విశ్లేషణలో బోరాన్ లెక్కకు రాదు. అప్పుడు గ్రాండిడియరైట్ గింజను కొలిస్తే మొత్తం వందకు బదులు 88 దగ్గర ఆగుతుంది. అనుభవం లేని విశ్లేషకుడు గింజ మెరుగు సరిగా పట్టలేదనో, యంత్రం కుదురు తప్పిందనో అనుకుని ఆ కొలతను పక్కన పడేసే ప్రమాదం ఉంది. అనుభవమున్నవాడు లోటైన ఆ 12 దగ్గర ఆగి, అల్యూమినియం, మెగ్నీషియం, సిలికాన్ నిష్పత్తి మూడు, ఒకటి, ఒకటిగా వచ్చిందేమో చూసి, మళ్లీ సూక్ష్మదర్శిని దగ్గరికి వెళ్లి ఆ గింజను ఒకసారి తొంభై డిగ్రీలు తిప్పుతాడు.